225/45 ఆర్17 టైర్లు మార్చాలి: కుదుపు తగ్గాలంటే ఏ టైరు, ఏ సైజు?

సాఫీ_సెడాన్ (ప్రశ్న)

కారు మధ్యస్థాయి సెడాన్, ఫ్రంట్ వీల్ డ్రైవ్. ఇప్పుడున్నవి 225/45 ఆర్17 94 డబ్ల్యూ (94 బరువు సూచిక, డబ్ల్యూ వేగం రేటింగ్), ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం). 46 వేల కి.మీ. తిరిగాయి, ట్రెడ్ 2.5 మి.మీ. మిగిలింది. డ్రైవర్ డోరు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద 91 వీ అని, గాలి ముందు 32, వెనక 30 పీఎస్‌ఐ అని రాసి ఉంది. అదే స్టిక్కర్‌లో 205/55 ఆర్16 91 వీ కూడా ఉంది.

ఇబ్బంది రెండు రకాలు. వంతెనల మీద అతుకులు, తారు ప్యాచ్‌లు దాటేటప్పుడు టక్ టక్‌మని సీటు దాకా తగులుతుంది. 60 దాటాక హోరు మొదలవుతుంది. మలుపుల్లో పట్టు కాస్త తగ్గినా పర్వాలేదు, మెత్తదనం కావాలి.

ఇదే సైజులో మెత్తటి టైరును ఎలా గుర్తుపట్టాలి? 16 అంగుళాల రిమ్‌కి దిగితే తేడా నిజంగా తెలుస్తుందా? అసలు గాలి తగ్గించి నడిపితే చాలదా?

గాలిమీటర్

మూడో ప్రశ్న ముందు తేల్చుకోండి, ఎందుకంటే దానికి ఖర్చు లేదు. కారు కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక, టైర్లు చల్లగా ఉన్నప్పుడు సొంత మీటరుతో గాలి చూడండి. పంక్చర్ షాపుల్లో అన్ని కార్లకీ ఒకే అంకె కొట్టేయడం మామూలే. స్టిక్కర్ 32 అంటుంటే టైర్లో 38 ఉంటే మీరు చెప్పిన టక్ టక్‌లో పెద్ద వాటా దానిదే. వాతావరణం 10 డిగ్రీలు మారితే గాలి సుమారు 1.5 పీఎస్‌ఐ మారుతుందని గుర్తుంచుకోండి. చలి పొద్దున సరిగ్గా పెట్టించింది ఎండాకాలానికి ఎక్కువైపోతుంది.

స్టిక్కర్ అంకె కంటే మాత్రం కిందికి దిగకండి. 32 నుంచి 26కి దించితే మెత్తదనం కొంచెం వస్తుంది, కానీ సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ప్రతి చుట్టుకీ ఎక్కువ వంగుతూ వేడెక్కుతుంది, రెండు అంచులూ ముందు అరుగుతాయి, గుంతలో పడితే రిమ్ అంచుకీ రోడ్డుకీ మధ్య సైడ్‌వాల్ నలిగి ఉబ్బు వస్తుంది. "నాది ఎక్స్‌ఎల్ కదా, గట్టి టైరు, గాలి తక్కువున్నా మోస్తుంది" అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఎక్స్‌ఎల్ టైరు తన అదనపు బరువు మోసేది గాలి ఎక్కువ పెట్టినప్పుడే. మామూలు టైరు గరిష్ఠ బరువుకి లెక్క 2.5 బార్ (సుమారు 36 పీఎస్‌ఐ) అయితే ఎక్స్‌ఎల్‌కి 2.9 బార్ (సుమారు 42). సమానమైన గాలి దగ్గర రెండూ దాదాపు ఒకే బరువు మోస్తాయి.

నైట్రోజన్ గురించి ఎవరైనా చెబుతారు, ముందే చెప్పేస్తున్నా: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. కుదుపులో తేడా రాదు.

బుష్_వైద్యుడు

టైర్లు కొనేముందు తప్పు టైరుదేనా అన్నది చూసుకోవాలి. లేదంటే కొత్త టైర్లు వేశాక కూడా అదే మోత.

అతుకుల మీద చిన్న పదునైన దెబ్బ అంటే టైరు, గాలి. స్పీడ్ బ్రేకర్ దాటాక కారు రెండు మూడు సార్లు ఊగితే షాకులు (షాక్ అబ్జార్బర్లు) పోయాయి, దాన్ని ఏ టైరూ కప్పిపుచ్చలేదు. గుంతలో పడ్డప్పుడు ఒక పక్క నుంచే లోహం తగిలినట్టు "టంగ్" అంటే సస్పెన్షన్‌లోని లింక్ రాడ్డో, లోయర్ ఆర్మ్ బుష్షో, స్ట్రట్ పైనుండే మౌంటో. 90–110 మధ్య మాత్రమే స్టీరింగ్ అదిరి ఆ తర్వాత తగ్గితే బ్యాలెన్సింగ్ లేదా వంగిన రిమ్.

హోరు సంగతి. రోడ్డు మారగానే శబ్దం మారితే టైరు. రోడ్డు ఏదైనా ఒకటే మోత, పైగా ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ మెల్లగా కుడి ఎడమలకి తిప్పినప్పుడు ఒక పక్క పెరిగి ఇంకో పక్క తగ్గితే వీల్ బేరింగ్. ఇంకా అనుమానముంటే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి 20 కి.మీ. నడపండి. మోత కూడా చోటు మారితే టైరే. సైడ్‌వాల్ మీద బాణం గుర్తు ఉన్నవి అయితే అదే పక్కన ముందు వెనక మార్చాలి, అడ్డంగా మార్చకూడదు.

ఇప్పుడు చేతి పరీక్ష. ట్రెడ్‌లోంచి తీగ బయటపడిందేమో ముందు కంటితో చూడండి, చెయ్యి తెగుతుంది. లేకపోతే అరచేతిని లోపలి అంచు నుంచి బయటి అంచు దాకా అడ్డంగా నిమరండి, మళ్ళీ వెనక్కి. పిల్లి వీపు నిమిరినట్టు ఒకవైపు నున్నగా జారి, రెండోవైపు బ్లాకుల అంచులు గీరుకుంటే టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పింది. చుట్టుకొలత వెంట నిమిరినప్పుడు రంపపు పళ్ళలా తగిలితే ఆ పళ్ళే 60 దాటాక హోరుమనేవి. ఒక అరచేయి వెడల్పున గుంటలు గుంటలుగా ఉంటే షాకులు చూపించండి.

సాఫీ_సెడాన్

చూశాను. చల్లగా ఉన్నప్పుడు ముందు 38, 39, వెనక 37, 37. టైరు డీవోటీ (పక్క గోడ మీది తయారీ కోడ్) చివరి నాలుగు అంకెలు 2218. ముందు రెండు టైర్ల లోపలి అంచు మీద చెయ్యి గీరుకుంటోంది. వెనక వాటికి రంపం పళ్ళు. కారు ఊగడం లేదు.

32/30 పెట్టి నడిపితే టక్ టక్ దాదాపు సగం తగ్గింది. హోరు మాత్రం అలాగే ఉంది.

గాలిమీటర్

2218 అంటే 2018లో 22వ వారం తయారీ. ట్రెడ్ మిగిలినా రబ్బరు వయసుతో గట్టిపడుతుంది. గట్టి రబ్బరు చిన్న గరుకును మింగదు, తడి రోడ్డు మీద పట్టూ తగ్గుతుంది. ట్రెడ్ 1.6 మి.మీ. దాకా ఆగక్కర్లేదు, మార్చేయండి. రంపం పళ్ళ హోరు గాలితో పోదు, అది అరుగుదల. కొత్తవి వేసిన రోజే అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించకపోతే కొన్ని వేల కి.మీ.లలో మళ్ళీ అదే వరస.

రిమ్మూ_రబ్బరూ

అసలు ప్రశ్నకి వద్దాం. మెత్తదనం ఎక్కువగా వచ్చేది రోడ్డుకీ రిమ్‌కీ మధ్య గాలి ఎంత ఎత్తున ఉందన్న దాన్ని బట్టి. లెక్క చూడండి.

225/45 ఆర్17: వెడల్పు 225 మి.మీ.లో 45 శాతం, సైడ్‌వాల్ 101 మి.మీ. మొత్తం వ్యాసం 634 మి.మీ.
205/55 ఆర్16: సైడ్‌వాల్ 113 మి.మీ., వ్యాసం 632.
195/65 ఆర్15: సైడ్‌వాల్ 127 మి.మీ., వ్యాసం 634.5.

మూడింటి వ్యాసం దాదాపు ఒకటే, కాబట్టి స్పీడోమీటర్ తప్పు చూపదు. మూడింటిలోనూ 91 లోడ్ ఇండెక్స్ దొరుకుతుంది, అంటే టైరుకి 615 కిలోలు. 16కి దిగితే సైడ్‌వాల్ 11 శాతం, 15కి దిగితే 25 శాతం పెరుగుతుంది. అతుకుల మీద ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. పైగా వెడల్పు 20 మి.మీ. తగ్గుతుంది కాబట్టి రోడ్డు మోతా తగ్గుతుంది, నిలిచిన నీళ్ళ మీద తేలిపోవడమూ తగ్గుతుంది. పోయేదేమిటంటే స్టీరింగ్ తిప్పగానే వచ్చే చురుకుదనం.

మీ స్టిక్కర్‌లో 16 ఉంది, బంగారం లాంటి అవకాశం. 15 జోలికి మాత్రం కొలవకుండా వెళ్ళకండి, బ్రేక్ క్యాలిపర్ రిమ్ లోపల పట్టకపోవచ్చు. 16 రిమ్ తీసుకునేటప్పుడు బోల్టు రంధ్రాల కొలత, ఆఫ్‌సెట్ (రిమ్ మధ్యగీత నుంచి హబ్‌కి ఆనే తలం దూరం), మధ్య రంధ్రం మూడూ సరిపోవాలి. మధ్య రంధ్రం పెద్దదైతే హబ్ రింగులు వేయాలి, లేదంటే ఎన్నిసార్లు బ్యాలెన్స్ చేసినా 100 దగ్గర అదురు పోదు. వెడల్పు 6.5 అంగుళాలు తీసుకోండి. 205/55కి 7.5 దాకా ఒప్పుకుంటారు కానీ, వెడల్పు రిమ్ మీద సైడ్‌వాల్ లాగినట్టు నిలబడి మళ్ళీ గట్టిపడుతుంది. అంత ఖర్చు పెట్టి ఆ తప్పు చేసేవాళ్ళు బోలెడు మంది.

17 రిమ్ ఉంచేసి 225/50 వేద్దామని ఎవరైనా అంటే వద్దనండి. వ్యాసం 3.5 శాతం పెరుగుతుంది, స్ట్రట్ స్ప్రింగు గిన్నెకి తగిలే ప్రమాదం. 215/50 ఆర్17 అయితే 2 శాతమే, సైడ్‌వాల్ 6 మి.మీ. పెరుగుతుంది. కానీ స్టిక్కర్‌లో లేని సైజు, మీటరు చూపేదానికంటే కారు 2 శాతం వేగంగా పోతుంది. మీకు 16 ఉండగా దీని అవసరం లేదు.

నల్లచక్రం

నేను పూర్తిగా ఒప్పుకోను. రిమ్‌లు కొనకుండా 17లోనే ఉండి, 94 డబ్ల్యూ ఎక్స్‌ఎల్ బదులు 91 వీ మామూలు టైరు వేసినా తేడా బాగానే వస్తుంది. కారు అడిగింది 91 వీ మాత్రమే. డబ్ల్యూ అంటే 270 కి.మీ. వేగానికి కట్టిన టైరు, వీ అంటే 240. పై వేగం రేటింగ్ కోసం ట్రెడ్ కింద నైలాన్ బిగింపు పెంచుతారు, ఎక్స్‌ఎల్ కోసం టైరు లోపలి చట్రం గట్టిగా కడతారు. స్టిక్కర్‌లో ఉన్నదానికి తగ్గకూడదు, పెంచాల్సిన పనీ లేదు.

ఒకే సైజులో మెత్తటిది గుర్తుపట్టాలంటే రిమ్ దగ్గర సన్నటి అక్షరాలు చదవండి. సైడ్‌వాల్ ఎన్ని ప్లైలో (దారపు పొరలో) అక్కడే ఉంటుంది. ఒక ప్లై పాలిఎస్టర్ అయితే వంగుతుంది, రెండు అయితే గట్టిగా ఉంటుంది. దానికి ఇంకో ముఖం ఉంది: గుంతల రోడ్డు మీద ఒక ప్లై టైరుకి ఉబ్బు త్వరగా వస్తుంది. గుంతలే ఎక్కువైతే రెండు ప్లైలతో పొడవు సైడ్‌వాల్ మంచిది, అంటే మళ్ళీ 16 దగ్గరికే వచ్చాం, సరే.

ట్రెడ్ విషయంలో స్పోర్ట్ రకం కాకుండా టూరింగ్ లేదా కంఫర్ట్ రకం చూడండి. భుజాల దగ్గర బ్లాకులు విడివిడిగా కాకుండా పట్టీలా కలిసి ఉన్నవి తక్కువ మోత చేస్తాయి, రంపం పళ్ళు కూడా ఆలస్యంగా పడతాయి. షాపులో బొటనవేలితో సైడ్‌వాల్ నొక్కి "ఇది మెత్తగుంది" అనడం దండగ, గాలి లేని టైరు అది. యూరప్ లేబుల్ మీద డెసిబెల్ అంకె చూసి మోసపోకండి. అది రోడ్డు పక్కన నిలబెట్టిన మైక్ కొలత, కారు లోపలిది కాదు.

కొత్త_స్టీరింగ్

మధ్యలో అడుగుతున్నందుకు సారీ అండి. మా కారులో రన్‌ఫ్లాట్లు (గాలి పోయినా కొంత దూరం నడిచే టైర్లు) ఉన్నాయి, చాలా గట్టిగా ఉన్నాయి. మామూలువి వేయొచ్చా? లోపల స్పాంజి అతికించిన టైర్లు నిశ్శబ్దంగా ఉంటాయంటున్నారు, నిజమేనా?

రిమ్మూ_రబ్బరూ

వేయొచ్చు, మెత్తదనం బాగా పెరుగుతుంది. రన్‌ఫ్లాట్ సైడ్‌వాల్ గాలి లేకుండా కారును మోయడానికి కట్టింది కదా. కానీ ఆ కార్లలో తరచు స్టెప్నీ పెట్టే చోటే ఉండదు. పంక్చర్ కిట్, చిన్న కంప్రెసర్ డిక్కీలో పెట్టుకోండి. కిట్ ట్రెడ్‌లో మేకు రంధ్రానికి పనికొస్తుంది, సైడ్‌వాల్ చీలితే పనికిరాదు. ఒకే ఇరుసు మీద ఒకటి రన్‌ఫ్లాట్, ఒకటి మామూలుది వద్దు.

స్పాంజి తగ్గించేది టైరు లోపలి గాలి గుల్లలా మోగే శబ్దాన్ని మాత్రమే, సుమారు 200–250 హెర్ట్జ్ దగ్గర. ట్రెడ్ హోరు, కుదుపు దానితో తగ్గవు. పంక్చర్ లోపలి నుంచి వేయాలంటే అక్కడ స్పాంజి కోసి తీయాలి.

సాఫీ_సెడాన్

205/55 ఆర్16 91 వీ, మామూలు లోడ్, 6.5 అంగుళాల రిమ్ ఖాయం చేస్తున్నా. బిగించే రోజు ఏం చూసుకోవాలి?

బుష్_వైద్యుడు

నాలుగూ ఒకే తయారీ, ఒకే మోడల్, డీవోటీ దగ్గర దగ్గరగా ఉండాలి. వాల్వులు కొత్తవి. టైర్లో గాలి సెన్సార్లు ఉంటే కొత్త రిమ్‌లకి మార్పించండి, లేదా మెనూలో రీసెట్ చేయండి. టైరు మీద పసుపు చుక్క ఉంటే వాల్వు పక్కకి వచ్చేలా ఎక్కించమనండి. టైరులో తేలికైన చోటు అదే, వాల్వు బరువు అక్కడ సరిపోతుంది. హబ్ మీద తుప్పు బ్రష్‌తో తీసేసి మరీ బిగించాలి, తుప్పు పొర ఉంటే చక్రం వంకరగా కూర్చుంటుంది. నట్లు చివరి బిగింపు గన్‌తో కాకుండా టార్క్ రెంచ్‌తో, కారు మాన్యువల్ అంకెకి. 50–100 కి.మీ. తర్వాత ఒకసారి సరిచూసుకోవాలి.

గాలి మాత్రం 32/30 అని గుడ్డిగా పెట్టకండి. స్టిక్కర్‌లో 16 వరసకి వేరే అంకె ఉండొచ్చు. మొదటి 300 కి.మీ. బ్రేకు మీద పట్టు కాస్త తక్కువగా ఉంటుంది.

సాఫీ_సెడాన్

ఒక రిమ్ పెట్టి చూశాను. క్యాలిపర్‌కీ రిమ్ లోపలి గోడకీ మధ్య 4 మి.మీ. సందు ఉంది. 16 వరసకి గాలి 33/31. సందు చాలుతుందా?

బుష్_వైద్యుడు

రిమ్‌కి చాలుతుంది. బ్యాలెన్సింగ్ కోసం లోపల అతికించే బరువులకి చాలకపోవచ్చు. వాటి మందమే దాదాపు అంత ఉంటుంది. క్యాలిపర్ ఎదురుగా వచ్చే వరసలో అతికించొద్దని, లోపలి అంచు వైపు జరపమని ముందే చెప్పండి. అన్నీ అయ్యాక జాకీ మీద ఉండగానే ప్రతి చక్రాన్నీ చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి, ఎక్కడైనా "కిర్ర్" అంటుందేమో విని ఆ తర్వాత దించమనండి.