బెంగళూరు మారతహళ్ళిలో సెకండ్‌హ్యాండ్ ఫ్రిజ్, గ్రైండర్, ఓవెన్: డబ్బులిచ్చే ముందు ఏం చూడాలి?

కొత్తకాపురం_మారతహళ్ళి:
అందరికీ నమస్కారం. ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్ళు 260 లీటర్ల డబుల్ డోర్ ఫ్రిజ్, 2 లీటర్ల టేబుల్‌టాప్ గ్రైండర్, మైక్రోవేవ్ ఓవెన్ కలిపి 14,000కి ఇస్తామంటున్నారు. బిల్లులు లేవు. "ఐదేళ్ళే అయింది, అన్నీ నడుస్తున్నాయి, వచ్చి చూసుకోండి" అన్నారు. ఆదివారం వెళ్తున్నాం. స్విచ్ వేసి చూడటం తప్ప మాకేం తెలీదు. ఏది కనిపిస్తే వద్దనుకోవాలి?

ఫ్రిజ్_మెకానిక్_అనంతపురం:
ముందు వయసు తేల్చండి. తలుపు మీది స్టార్ లేబుల్‌లో ఆ రేటింగ్ ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకానో, ఏడాదికి ఎన్ని యూనిట్లో ఉంటుంది. లేబుల్ పీకేసి ఉంటే లోపలి గోడకో వెనకో ఉన్న ప్లేటు చూడండి. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది దాని మీదే ఉంటుంది, చాలావాటికి తయారైన నెల కూడా.

తర్వాత ప్లగ్గు తీసి, ఫ్రిజ్‌ని గోడకు దూరంగా జరిపి, వెనక కింద కంప్రెసర్ దగ్గర టార్చి వెయ్యండి. దానికి మూడు గొట్టాలుంటాయి. వాటిలో పొట్టిది, కొన మూసి ఉన్నది గ్యాస్ పట్టే గొట్టం. కొన నొక్కి అతికేసి ఉంటే చాలావరకు ఎవరూ తెరవనట్టే. కొనకి మూత ఉన్న చిన్న వాల్వు కనిపిస్తే గ్యాస్ మళ్ళీ పట్టించారన్నమాట. గ్యాస్ దానంతటది అయిపోదు, లీకైతేనే తగ్గుతుంది. లీకు ఎక్కడ, ఏం అతికించారని అడగండి. "గ్యాస్ కొట్టించాం, అంతే" అంటే ఆ లీకు ఇంకా అలాగే ఉంది. అతుకుల దగ్గర నూనె జిడ్డున్నా లీకే, ఎందుకంటే గ్యాస్‌తోపాటు కంప్రెసర్ నూనె కూడా బయటికొస్తుంది. ప్లేటు మీద ఆర్600ఎ అని ఉండి, వేరే గ్యాస్ పట్టించామని వాళ్ళే చెబితే అక్కడితో వదిలెయ్యండి. ఆ కంప్రెసర్ దానికి చేసింది కాదు.

మీరు వెళ్ళేసరికి నాలుగైదు గంటల ముందే ఆపి ఉంచమనండి. ముందే చల్లబడి ఉన్న ఫ్రిజ్ చూస్తే ఏమీ తెలీదు. ఆన్ చెయ్యగానే టక్కుమని, కాసేపటికి మళ్ళీ టక్కుమని ఆగిపోతుంటే రిలే (కంప్రెసర్‌ని స్టార్ట్ చేసే చిన్న భాగం) పోయి ఉండొచ్చు, కంప్రెసర్ జామై ఉండొచ్చు. మొదటిది చవక, రెండోది పాత ఫ్రిజ్ ధరంత. అక్కడ నిలబడి ఏదో తేల్చలేరు, కాబట్టి వద్దు.

గ్రైండర్_గురువు:
పైన చెప్పిన గొట్టం సంగతి బంగారం లాంటి మాట. ఒక్కదానితో మాత్రం ఒప్పుకోను. ముందే ఆపి ఉంచమనడం సింగిల్ డోర్‌కి సరే. వీళ్ళది డబుల్ డోర్, అంటే ఫ్రాస్ట్ ఫ్రీ. అందులో ఫ్రీజర్ వెనక పలక లోపల కాయిల్ మీద పేరుకునే మంచుని హీటర్ కరిగిస్తుంటుంది. ఆ హీటరో సెన్సరో పోతే మంచు గడ్డకట్టి గాలి కిందికి రాదు: పైన గడ్డలు కడతాయి, కింద పాలు విరుగుతాయి. అలాంటి ఫ్రిజ్‌ని ఒక రోజు ఆపేస్తే మంచంతా కరిగిపోయి, మళ్ళీ వేశాక కొన్నాళ్ళు కొత్తదానిలా పనిచేస్తుంది. కాబట్టి కనీసం వారం నుంచి ఆగకుండా నడుస్తున్నదాన్నే చూడండి. కింది అరలో గంటసేపు గ్లాసుడు నీళ్ళూ థర్మామీటరూ పెట్టి చూడండి. ఫ్యాను రెక్క మంచుకి రాసుకుంటున్న చప్పుడు వినిపించినా, ఫ్రీజర్ వెనక పలక ఉబ్బినట్టున్నా మాట్లాడకుండా వచ్చెయ్యండి. అంతా బాగుంటే అప్పుడు ఆపి, పది నిమిషాలాగి మళ్ళీ స్టార్ట్ చేయించండి.

గ్రైండర్‌ని ఖాళీగా తిప్పి చూపిస్తే నమ్మకండి. పావుకిలో నానబెట్టిన మినప్పప్పు తీసుకెళ్ళండి. మోటారు మూలుగుతూ గిన్నె తిరగకపోతే కెపాసిటరో బెల్టో పోయింది. రెండూ మార్చుకోవచ్చు, కెపాసిటర్ ఎస్పీ రోడ్డు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది. గిన్నె ఎత్తి మధ్య ఇరుసు చూడండి. చుట్టూ తుప్పునీళ్ళ చారలుంటే నీళ్ళు బేరింగులోకి దిగాయి. రాళ్ళ బుష్షులు అరిగితే పిండిలో నల్లటి మరక పడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం: ప్లగ్గులో లావుపాటి ఎర్త్ పిన్ విరిగి ఉందేమో చూసి, నడుస్తుండగా గ్రైండర్ బాడీకి టెస్టర్ పెట్టండి. తడిచేత్తో ముట్టుకునే వస్తువది. టెస్టర్ వెలిగితే కొనొద్దు.

ఓవెన్‌కి ఒక కప్పు నీళ్ళు, పావు లీటరు చాలు. ఫుల్ పవర్‌లో రెండు నిమిషాలకి పొగలు కక్కాలి. దీపం వెలిగి, పళ్ళెం తిరిగి, నీళ్ళు గోరువెచ్చగానే ఉంటే మాగ్నెట్రాన్ (ఓవెన్‌లో వేడెక్కించే తరంగాలు పుట్టించే భాగం) నీరసించింది. లోపల కుడిగోడకి ఉండే మైకా రేకు మాడితే మెరుపులొస్తాయి, దాన్ని మార్చడం తేలిక. తలుపు వదులైతే మాత్రం వద్దు. "విప్పి బాగుచేసుకుందాం" అనుకోకండి: ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది.

మూడిటికీ కలిపి ఒకే ధర ఒప్పుకోకండి. విడివిడిగా చెప్పమనండి.

కొత్తకాపురం_మారతహళ్ళి:
చాలా థ్యాంక్సండీ. ఫ్రిజ్‌ని టాటా ఏస్‌లో పడుకోబెట్టి తేవచ్చా?

ఫ్రిజ్_మెకానిక్_అనంతపురం:
ఫ్రాస్ట్ ఫ్రీ సంగతి పైన చెప్పిందే కరెక్టు, అలాగే చెయ్యండి. ఫ్రిజ్‌ని నిలబెట్టే తెండి, తాడు వేసి కట్టించండి. పడుకోబెడితే కంప్రెసర్ నూనె గొట్టాల్లోకి పోతుంది. తప్పక పడుకోబెట్టాల్సి వస్తే ఇంటికొచ్చాక 24 గంటలు నిలబెట్టి ఉంచాకే స్విచ్ వెయ్యండి.