సముద్రం అడుగున కొత్త కేబుల్ పైపులైన్ల వెంటే వేయాలా, వేరే దారిలోనా?

లోతుకొలత: ఉన్న గ్యాస్ పైపులైన్లు, కేబుళ్ల పక్కనే ఒకే కారిడార్‌లో కొత్తది కూడా వేసేద్దాం అంటున్నారు. నేను ఒప్పుకోను. 2006 డిసెంబరులో తైవాన్ దక్షిణాన భూకంపం వస్తే, సముద్రం అడుగున బురద జారి 9 కేబుళ్లు తెగాయి. వాటిని అతకడానికి 11 ఓడలకు 49 రోజులు పట్టింది. అన్నీ ఒకే ఇరుకులో పెట్టిన ఫలితం అది.

తరాజు: భూకంపం రోజూ రాదండీ. ప్రపంచంలో ఏటా 150 నుంచి 200 సార్లు కేబుళ్లు దెబ్బతింటాయి, అందులో 70-80 శాతం వలలు, లంగర్ల వల్లే. కారిడార్ ఒక్కటైతే పడవలవాళ్లు తప్పించుకోవాల్సిన చోటూ ఒక్కటే.

లోతుకొలత: మరి రిపేరు? తెగిన కొసని కొక్కెంతో వెతికి పైకి లాగాలి. అందుకే పక్కపక్క కేబుళ్ల మధ్య నీటి లోతుకి 3 రెట్లు ఎడం వదలమంటారు. 1000 మీటర్ల లోతులో 3 కిలోమీటర్లు! పైపులైన్ పక్కన కొక్కెం ఈడ్వనిస్తారా?

తరాజు: 3 రెట్లు సలహా మాత్రమే. పక్క కేబుల్ సొంతదారులు ఒప్పుకుంటే 2 రెట్లు చాలు.

లోతుకొలత: 2 రెట్లని రాసుకోవడం తేలికే. గాలివానలో ఓడ మీద నిలబడి చెప్పండి.

నీలిరేఖ: వేరే దారి తీసినా ఎక్కడో ఒకచోట పైపులైన్ని దాటక తప్పదు కదా. అక్కడ అడ్డంగా, లంబకోణానికి దగ్గరగా దాటితే చాలు.

వలతాడు: 2 రెట్లా 3 రెట్లా అని మీరు కొట్టుకుంటున్నారు, మా మాట ఎవరికీ పట్టలేదు. పైపు కింద ఇసుక కోసుకుపోయి, పైపు నేలకి అంటకుండా వేలాడుతున్న చోట నా ట్రాల్ వల బోర్డు (ఈడ్చే వల నోరు తెరిచి ఉంచే పలక) ఇరుక్కుంది. వించ్ మీద వైరు బిగుసుకుని పడవ వెనక్కి కుంగింది, నీళ్లు డెక్ మీదకి వచ్చేశాయి. వైరు నరికి బయటపడ్డాం. వల పోయింది. పరిహారం అడిగితే సముద్రపు చార్టులో పైపు గీత ఉంది కదా అన్నారు. గీత ఉంది. కింద ఇసుక లేదని ఎక్కడుంది?

తరాజు: బాధ అర్థమైంది. కానీ ఒక్క ఘటన పట్టుకుని రూటు మార్చలేం.

వలతాడు: ఒక్క ఘటనా? ఆ పడవలో ఐదుగురం ఉన్నాం సార్!

లోతుకొలత: ఆయన అడిగింది న్యాయం. సర్వే ఓడ మీద ఆరేళ్లు చేశాను. నేల వాలు, రాళ్లు, మునిగిన ఓడలు అన్నీ సోనార్‌లో చూసి దారి గీసేవాళ్లం. వేట ఎక్కడ జరుగుతుందో అడిగింది మాత్రం గీత గీశాకే. అందులో నా తప్పూ ఉంది.

తరాజు: సరే, దాచను. ఖర్చు లెక్కలు చూసేది నేనే. దారి మళ్లించిన ప్రతి కిలోమీటరుకీ కేబుల్, ఓడ అద్దె, సర్వే అన్నీ పెరుగుతాయి. అంత డబ్బు మంజూరు కాలేదు.

వలతాడు: ఆ మాట మొదటే చెప్పాల్సింది. కారిడార్ మాకు మేలని ఎందుకు చెప్పారు? పోనీ అక్కడే వేయండి. ఏటా సర్వే చేసి ఇసుక ఎక్కడ కోసుకుపోయిందో మా పడవలకి చెప్తారా?

తరాజు: ఏటా అని మాట ఇవ్వలేను. ప్లాన్‌లో ఐదేళ్లకోసారి అనే ఉంది.

వలతాడు: నా వల ఇరుక్కున్న చోట ఇసుక పోవడానికి రెండు వానాకాలాలు చాలాయి.