రిచర్డ్‌సన్‌లో మొదటి కారు: 8,000 డాలర్లలో ఏది తీసుకోవాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది తెనాలి. టెక్సాస్‌లోని యూటీ డాలస్ యూనివర్సిటీలో ఎంఎస్‌కి వచ్చి ఐదు నెలలైంది. ఇన్నాళ్లూ రూమ్మేట్స్ కార్లతో నెట్టుకొచ్చాను, ఇక కుదరడం లేదు. చేతిలో 8,000 డాలర్లు ఉన్నాయి. మూడు కార్లు చూశాను. ఒక పెద్దాయన అమ్ముతున్న 2013 టయోటా క్యామ్రీ, 1,32,000 మైళ్లు తిరిగింది, 7,800. డీలర్ దగ్గర 2014 నిస్సాన్ ఆల్టిమా, 98,000 మైళ్లు, 6,500. ఇంకొకటి 2011 బీఎండబ్ల్యూ 328ఐ, 1,05,000 మైళ్లు, 7,500. మనసు మూడోదాని మీదే ఉంది. ఇంటి దగ్గర బైక్ తప్ప ఏమీ నడపలేదు, కార్ల గురించి పెద్దగా తెలియదు. దయచేసి సలహా చెప్పండి.

జవాబు, ప్లేనో నుంచి:

తమ్ముడూ, ఇక్కడ పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాను. కార్లంటే నాకు ప్రాణం. గుంటూరులో మా మేనమామ మారుతీ 800 మీద నడపడం నేర్చుకున్నాను. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్. దాని చప్పుడులో ఏ చిన్న తేడా వచ్చినా ఆయన చెవికి తెలిసిపోయేది. ఆ వినే అలవాటు నాకూ అబ్బింది. నువ్వూ ముందు అదే నేర్చుకో.

"ఏ కంపెనీ మంచిది" అని అందరూ అడుగుతారు. పాత కారు విషయంలో ఆ ప్రశ్న సగం దూరమే తీసుకెళ్తుంది. క్యామ్రీలనే తీసుకో. 2007 నుంచి 2009 వరకు వచ్చిన 2.4 లీటర్ల ఇంజన్లు ఆయిల్ తాగుతాయని పేరు పడ్డాయి. నువ్వు చూసిన 2013లో ఉన్నది 2.5 లీటర్ల వేరే ఇంజన్, ఆరు గేర్ల మామూలు ఆటోమేటిక్. బండి పేరు ఒకటే, లోపల సరుకు వేరు. అందుకే ఏ ఏడాది, ఏ ఇంజన్, ఏ గేర్‌బాక్స్ అని చూడాలి. ఆ తర్వాత ఇంతకుముందు నడిపినవాళ్లు దాన్ని ఎలా చూసుకున్నారో చూడాలి. నా లెక్కలో అన్నిటికంటే పెద్దది ఇదే.

ఆల్టిమా వద్దు. అందులో ఉన్నది సీవీటీ. మెట్లు మెట్లుగా గేర్లు ఉండవు, రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. సీవీటీలన్నీ చెడ్డవని నేననను. కానీ ఆ సంవత్సరాల ఆల్టిమా గేర్‌బాక్సుల మీద కోర్టు కేసులు నడిచాయి, కంపెనీ వారంటీ పొడిగించాల్సి వచ్చింది. ఆ పొడిగించిన గడువు కూడా ఎప్పుడో దాటిపోయింది. గేర్‌బాక్స్ పోతే మార్చడానికయ్యే ఖర్చు నీ కారు ధరలో సగం మింగేస్తుంది.

ఇక బీఎండబ్ల్యూ. నీ మనసు నాకు అర్థమైంది. టర్బో లేని మూడు లీటర్ల ఇంజన్, వరసగా ఆరు సిలిండర్లు, వెనక చక్రాలకు శక్తి, హైడ్రాలిక్ స్టీరింగ్. రోడ్డు ఎలా ఉందో చేతులకే తెలుస్తుంది. నడపడానికి నాకు నచ్చిన సెడాన్లలో అదొకటి. అయినా ఇప్పుడు నీకు వద్దంటాను. దాని వాటర్ పంపు కరెంటుతో నడిచేది, ఒక్కోసారి ముందు ఏ సూచనా లేకుండా ఆగిపోతుంది. ఆయిల్ బయటికి రాకుండా ఆపే గాస్కెట్లు ఆ వయసుకు కారడం మామూలే. పక్కన ఇంకో కారు, బ్యాంకులో మూడు నాలుగు వేలు ఉన్నవాళ్లకు అది పండగ. నీకు ఉన్న ఒక్క కారూ అదే అయితే, పరీక్ష రోజు పొద్దున రోడ్డు పక్కన ఆగిపోతే ఏం చేస్తావు?

క్యామ్రీ చూడడానికి వెళ్లే ముందు ఆ పెద్దాయనకు ఒక్క మాట చెప్పు: మేం వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని. నాకు మొదటి కారు అమ్మిన మనిషి నేను వెళ్లేసరికి ఇంజన్ వేడి చేసి ఉంచాడు. చక్కగా నడిచింది. మూడో వారం చలిలో స్టార్ట్ చేస్తే నీలం పొగ, ఇంజన్లో టకటకా చప్పుడు. బాగు చేయించడానికి రెండు నెలల జీతం పోయింది. అప్పట్నుంచి నేను ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తాను. వెచ్చగా తగిలితే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేస్తాను.

చల్లని ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు పొగ చూడు. నీలంగా ఉంటే ఆయిల్ మండుతున్నట్టు. తెల్లగా వచ్చి ఎంతకీ ఆగకపోతే కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, లోపలికి పోతున్నట్టు అనుమానించాలి. తర్వాత హైవే మీద ఇరవై నిమిషాలు నడిపించు, రేడియో ఆపేసి. గేర్ మారేటప్పుడు కుదుపు, బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణకడం గమనించు. టైర్లు కూడా మాట్లాడతాయి. టైరు పక్కన అచ్చేసి ఉండే డాట్ నంబర్ చివర నాలుగు అంకెలు 2319 అని ఉంటే, 2019లో 23వ వారంలో తయారైందని. నాలుగు టైర్లూ నాలుగు రకాలైతే ఆ యజమాని మిగతావాటి మీద కూడా ఖర్చు పెట్టి ఉండడని నేను అనుకుంటాను.

ఇరవై డాలర్ల ఓబీడీ స్కానర్ ఒకటి కొను, కారులోని పోర్టుకు తగిలిస్తే ఇంజన్ లోపాల కోడ్‌లు చూపిస్తుంది. 1996 మోడల్ నుంచి ఇక్కడ అమ్మిన ప్రతి పెట్రోల్ కారుకీ ఆ పోర్టు ఉంటుంది. కొందరు చెక్ ఇంజన్ లైటు చెరిపేసి అమ్ముతారు. రెడీనెస్ మానిటర్లు, అంటే కారు తనను తాను చేసుకునే పరీక్షలు, ఇంకా పూర్తి కాలేదని చూపిస్తే నిన్నో మొన్నో చెరిపారనో, బ్యాటరీ తీశారనో అర్థం.

జవాబు, ఫ్రిస్కో నుంచి:

అన్నయ్య చెప్పినవన్నీ నిజమే. కాగితాల సంగతి నేను చెబుతాను. కారు విన్ నంబర్, అంటే ఆ కారును గుర్తించే పదిహేడు అక్షరాలు, అంకెలు, ఇక్కడి ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కొట్టు. చేయించని రీకాల్స్, అంటే లోపం ఉందని కంపెనీయే వెనక్కి పిలిచి చేసే రిపేర్లు, ఉన్నాయేమో ఉచితంగా తెలుస్తుంది. అదే నంబర్‌తో కొనకముందే ఇన్సూరెన్స్ ఎంతవుతుందో అడుగు, కొత్త డ్రైవర్‌కు అది గుండె ఝల్లుమనేంత ఉండొచ్చు. టెక్సాస్‌లో తప్పనిసరి లయబిలిటీ, అంటే నీ వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఇన్సూరెన్స్, 30/60/25: ఒక్కో మనిషి గాయాలకు 30,000, ఒక ప్రమాదంలో అందరికీ కలిపి 60,000. ఎదుటివాళ్ల బండికి 25,000 డాలర్ల దాకానే ఇస్తారు. ఈ రోజుల్లో అది చాలదు, కాస్త పెంచుకో. పన్ను 6.25 శాతం ఉంటుంది, దానికి డబ్బు పక్కన పెట్టుకో. టైటిల్, అంటే కారు యాజమాన్య పత్రం, మీద సంతకం పెట్టించుకుని ఇంటికి వచ్చేయకు. అమ్మేవారితో కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్లి నీ పేరు మీదకు మార్పించుకో. సాల్వేజ్ టైటిల్ అని ఉంటే, అంటే ఒకప్పుడు బాగా దెబ్బతిని పనికిరాదని రాసేసిన కారైతే, ఎంత చౌక అయినా వదిలెయ్.

ప్రశ్న అడిగిన తమ్ముడు:

అన్నా, అక్కా, చాలా థాంక్స్. పెద్దాయనతో మాట్లాడాను. 2016 నుంచి సర్వీసు రసీదులన్నీ ఫైలులో ఉన్నాయట. గేర్‌బాక్స్ ఆయిల్ కూడా ఒకసారి మార్పించారట. మెకానిక్‌కి చూపించుకోమని ఆయనే అన్నారు. ఆల్టిమా డీలర్ మాత్రం ఈ రోజే అడ్వాన్స్ కట్టకపోతే కారు పోతుందని ఫోన్ చేస్తున్నాడు. టెన్షన్‌గా ఉంది.

జవాబు, ప్లేనో నుంచి:

పోనీ. అలా తొందరపెట్టేవాడి దగ్గర నేను ఇప్పటిదాకా ఏ కారూ కొనలేదు. ఈ ఊళ్లో ఆల్టిమాలకు కరువు లేదు.

రసీదులు దాచిన మనిషి, మెకానిక్‌కి చూపించుకోమన్న మనిషి దొరికాడంటే నాకు సంతోషంగా ఉంది. అలాంటి ఇంట్లో 1,32,000 మైళ్లు తిరిగిన క్యామ్రీ, ఎవరో తెలియని చేతుల్లో 70,000 తిరిగినదానికంటే నాకు ఎక్కువ నమ్మకం. అయినా మెకానిక్ తనిఖీకి డబ్బు పెట్టు. లిఫ్ట్ మీద ఎక్కించి కింద ఆయిల్ కారడం, తుప్పు, వరద నీళ్ల గుర్తులు చూడమను. 2017లో హ్యూస్టన్‌ను హార్వీ తుపాను ముంచినప్పుడు మునిగిన కార్లు లక్షల్లో ఉన్నాయి.

బీఎండబ్ల్యూ మీద ఆశ చంపుకోకు. డిగ్రీ అయ్యి ఉద్యోగం వచ్చాక మంచి ఆరు సిలిండర్ల కారు ఇద్దరం కలిసి వెతుకుదాం.

శనివారం పొద్దున ఏడింటికి పెద్దాయన ఇంటికి వస్తాను, స్కానర్ నా దగ్గర ఉంది. అడ్రస్ నాకు విడిగా పంపు. రాత్రే ఆయనకు ఫోన్ చేసి, పొద్దున కారు బయటికి తీయొద్దని చెప్పడం మాత్రం మరిచిపోకు.