కడప బండల పేజీని గూగుల్‌కు ఒకటి, బింగ్‌కు ఒకటి రాయించాలా?

ఎర్రగుంట్ల వ్యాపారి: మా నల్లబండల వ్యాపారానికి వెబ్‌సైటు తయారుచేస్తున్నవారు గూగుల్‌కూ బింగ్‌కూ ఆన్‌పేజ్ ఆప్టిమైజేషన్ (వెతుకులాటలో పేజీ ముందు కనిపించేలా దానిలోని పాఠాన్ని, శీర్షికలను సర్దడం) విడివిడిగా చేయాలంటూ రెండు ఛార్జీలు చెప్పారు. శీర్షిక, ఉపశీర్షికలు, బండ మందం, పాలిష్ రకం, ధర స్పష్టంగా ఉన్న పేజీ ఏ సెర్చ్ ఇంజిన్‌కైనా చాలునని, తక్కినదంతా బిల్లు పెంచే ఎత్తేనని నా వాదన. కాదనేవారు కారణం చూపగలరు.

కొండారెడ్డి బురుజు, కర్నూలు: రెండు ఛార్జీలు అన్యాయమే. ఒకే పాఠాన్ని రెండు వెబ్ చిరునామాల్లో పెడితే ఇంజిన్ సాధారణంగా ఒకదాన్నే ఎంచుకొని రెండోదాన్ని పక్కన పెడుతుంది. అయితే ఇంజిన్లన్నీ ఒకే తీరున చదువుతాయన్న మాట నిలవదు. పేజీ ఏ భాషలో ఉందో గూగుల్ కనిపించే పాఠాన్ని బట్టే తేల్చుకుంటుంది. బింగ్ మాత్రం కంటెంట్ లాంగ్వేజ్ అనే మెటా ట్యాగు (పాఠకుడికి కనపడకుండా పేజీ కోడులో ఉండే గుర్తు) పెట్టమని సూచించింది. ధర మారిన వెంటనే ఆ సంగతి తెలియజేయడానికి బింగ్, రష్యా సెర్చ్ ఇంజిన్ యాండెక్స్ కలిసి 2021లో తెచ్చిన ఇండెక్స్‌నౌ పద్ధతిని గూగుల్ స్వీకరించలేదు కనుక అక్కడ సైట్‌మ్యాపునే (సైటులోని పేజీల జాబితా ఫైలు) నమ్ముకోవాలి. ఇవన్నీ చిన్న పనులు. డక్‌డక్‌గో అనే మరో సెర్చ్ ఇంజిన్ సాధారణ ఫలితాలు చాలావరకు బింగ్ నుంచే వస్తాయి కాబట్టి దానికి వేరే శ్రమ అక్కరలేదు. బిల్లులో కీవర్డ్స్ మెటా ట్యాగు ఉంటే కొట్టేయించండి. వెబ్ ర్యాంకింగులో దాన్ని వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది.

అనంత డిజిటల్, అనంతపురం: మీరిద్దరూ పేజీ దగ్గరే ఆగిపోయారు. ప్రొద్దుటూరులో ‘దగ్గరలో బండల దుకాణం’ అని వెతికే మేస్త్రీకి గూగుల్ సాధారణంగా ముందు మ్యాపు చూపుతుంది. ఆ వరుసను సంబంధం, దూరం, ప్రాముఖ్యం నిర్ణయిస్తాయని గూగులే చెబుతోంది. ఎంత చక్కని శీర్షిక రాసినా దూరం తగ్గదు. పైగా, ఇతర సైట్లు ఇచ్చే లింకులను తూచే పేజ్‌ర్యాంక్ ఆలోచనతోనే 1998లో గూగుల్ మొదలైంది. పోటీ ఉన్న చోట పదాలు సర్దినంత మాత్రాన ముందు వరుసలోకి రాలేము.

కొండారెడ్డి బురుజు, కర్నూలు: మ్యాపు సంగతి ఒప్పుకుంటాను. కానీ బెంగళూరు కాంట్రాక్టరు ‘20 ఎం.ఎం. పాలిష్ కడప బండ’ అని వెతికినప్పుడు, ఆ వివరం పేజీలో అసలు రాసి ఉందా అన్నదే తొలి ప్రశ్న అవుతుంది. మన జిల్లాల సైట్లు దెబ్బతినేది ఇక్కడే. ప్రెస్సులో అను ఫాంట్లతో వేయించిన కరపత్రాన్ని ఫోటో తీసి ఎక్కించి, అదే వెబ్‌పేజీ అనుకుంటారు. ఫోటోలోని అక్షరాలను గుర్తించే సాంకేతికత ఉన్నా, నేరుగా టైపు చేసిన పాఠానికి అది సాటి రాదు. పోనీ ఆ ఫైలు నుంచి కాపీ చేద్దామంటే, అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ అక్షరాలు కానందువల్ల తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు వచ్చి పడతాయి. అలాంటి పేజీ బింగ్‌లో వెనకబడిందా, గూగుల్‌లోనా అని తర్కించడం దండగ.

ఎర్రగుంట్ల వ్యాపారి: అలాగైతే రెండో ఛార్జీని ఆంగ్ల పేజీకి మళ్లించమంటాను. తెలుగు, ఆంగ్ల పేజీలను హెచ్‌రెఫ్‌లాంగ్ ట్యాగుతో (ఇవి ఒకే పేజీకి వేర్వేరు భాషా రూపాలని చెప్పే గుర్తు) జతచేస్తే గూగుల్, యాండెక్స్ రెండూ గుర్తిస్తాయి. బింగ్ కోసం మీరు చెప్పిన భాషా ట్యాగు ఉండనే ఉంది.

అనంత డిజిటల్, అనంతపురం: మంచిదే, అభ్యంతరం లేదు. అయితే ఆ ఆంగ్ల పేజీకి బయటి నుంచి ఒక్క లింకైనా ఎవరు ఇస్తారో కూడా ఆ బిల్లులోనే రాయించుకోండి.