తుపాకీ ఎవరి దగ్గర నేర్చుకోవాలి: పోటీల్లో గెలిచినవారి దగ్గరా, పోలీసుగా చేసినవారి దగ్గరా?

డాలస్ దుకాణదారు:
పోయిన ఏడాది గ్రీన్ కార్డు వచ్చింది. బాబాయి గారి గ్యాస్ స్టేషన్‌లో రాత్రి కౌంటరు నాది. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి, 21 ఏళ్లు నిండి చట్టపరమైన అడ్డంకులు లేనివారు లైసెన్స్ లేకుండానే పిస్తోలు వెంట ఉంచుకోవచ్చు. అయినా పద్ధతిగా ఉండాలని ఎల్‌టీసీ (పిస్తోలు వెంట ఉంచుకునే లైసెన్స్) పరీక్షకు వెళ్లాను. మూడు, ఏడు, పదిహేను గజాల నుంచి 50 తూటాలు. 250కి 175 వస్తే చాలు, నాకు 238 వచ్చాయి. ఇంటికి వచ్చి, ఖాళీ పిస్తోలును అద్దం ముందు చొక్కా కింది నుంచి తీయబోతే చొక్కా అంచు కూడా చేతిలోకి వచ్చింది. హోల్‌స్టర్ (నడుముకు తగిలించుకునే ఒర) నుంచి తీయడం అనేది ఆ పరీక్షలో లేనే లేదు.

ఇద్దరు శిక్షకులు కుదిరేలా ఉన్నారు. ఒకరు రిటైరైన పోలీసు, రెండు రోజుల ఆత్మరక్షణ తరగతి. ఇంకొకరు యూఎస్‌పీఎస్‌ఏ అనే, గురిని వేగాన్ని కలిపి లెక్కించే తుపాకీ పోటీల్లో గ్రాండ్ మాస్టర్ (అన్నిటికన్నా పై స్థాయి), గంటల లెక్కన నేర్పుతారు. ఇద్దరి దగ్గరా చేరేంత డబ్బు ఇప్పుడు లేదు. "పోటీల అలవాట్లు నిజమైన ఆపదలో ప్రాణం తీస్తాయి" అని రేంజ్‌లో ఒకాయన అన్న మాట బుర్రలో తిరుగుతోంది.

గోదారి గాలి:
ఆ మాట అన్నవారిని ఒక్కసారి టైమర్ ముందు నిలబెట్టి చూడండి తమ్ముడూ.

నా మొదటి పోటీ చెబుతాను. అప్పటికి మూడేళ్లుగా రేంజ్‌లో అట్ట మీద పిడికెడంత చోట తూటాలన్నీ దించేవాణ్ని. బీప్ మోగగానే పిస్తోలు తీసి మొదటి తూటా పేల్చేసరికి 3.84 సెకన్లు. మ్యాగజైన్ (తూటాలు నింపిన డబ్బా) మార్చబోతే అది చేయి జారి కంకరలో పడింది. వంగి దాన్ని ఏరుకుంటుంటే వెనక ఎవరో దగ్గారు. అంతే, అట్ట టార్గెట్లు, పదిమంది ప్రేక్షకులు, ప్రాణభయం సున్నా. అయినా చేతులు నావి కాకుండా పోయాయి.

లెక్క కూడా చూడండి. ఆరు టార్గెట్లు, ఒక్కోదానికి రెండు తూటాలు. ఎనిమిది నడిమి గడిలో పడితే ఒక్కోటి 5, నాలుగు దాని పక్క గడిలో పడితే ఒక్కోటి 3, మొత్తం 52. పట్టిన 7.5 సెకన్లతో భాగిస్తే 6.93. దాన్ని హిట్ ఫ్యాక్టర్ అంటారు. తొందరపడితే పాయింట్లు పోతాయి, నిదానిస్తే సెకన్లు పోతాయి. మీ చేతికి ఎంత వేగం తగునో ఆ అంకె మొహమాటం లేకుండా చెబుతుంది. (మా నాన్నగారు ఫోనులో "ఈషా సింగ్ ఆడే ఆటేనా?" అని అడుగుతుంటారు. కాదు నాన్నా, ఆమె కాల్చే ఎయిర్ పిస్తోలు పోటీ ఒంటి చేత్తో, 60 గుళ్లకు 75 నిమిషాలు.)

పాత కాపు:
నేను లైసెన్స్ తరగతులు చెబుతాను. గాలి గారి వేగం మీద నాకు అనుమానం లేదు. కానీ పోటీలో ఒక్కో స్టేజ్ (టార్గెట్లు అమర్చిన ఆవరణ) మొదలయ్యే ముందు అందరినీ అందులో నడిచి చూసుకోనిస్తారన్న సంగతి ఆయన చెప్పలేదు. ఏ టార్గెట్ ఎక్కడుందో, మ్యాగజైన్ ఎక్కడ మార్చాలో కంఠతా పట్టి కాలుస్తారు. దొంగ ముందుగా వచ్చి కౌంటరు చుట్టూ తిప్పి చూపిస్తాడా?

నిజ జీవితానికి దగ్గరగా ఉండాలనే 1996లో ఐడీపీఏ పోటీలు పెట్టారు. పైన చొక్కా కప్పుకోవాలి, చాటు నుంచి కాల్చాలి. అక్కడ కూడా, తెరిచిన చేతుల గుర్తు వేసిన అమాయకుడి బొమ్మకు తూటా తగిలితే పడే శిక్ష 5 సెకన్లు. దుకాణంలో ఆ 5 సెకన్లు పాల డబ్బా కోసం వచ్చిన పిల్లవాడు.

ఎప్పుడు కాల్చకూడదో నేర్పనివాడు శిక్షకుడే కాదు. బలప్రయోగం ఎప్పుడు చట్టానికి లోబడి ఉంటుందో చెప్పేది టెక్సాస్ శిక్షాస్మృతి తొమ్మిదో అధ్యాయం. అది తెరవని తరగతికి డబ్బు కట్టకండి.

గోదారి గాలి:
న్యూయార్క్ పోలీసుల స్టేకౌట్ యూనిట్ గుర్తుందా కాపు గారూ? వరుస దోపిడీలు జరిగే దుకాణాల్లో మాటు వేసిన జిమ్ సిరిల్లో పోటీల్లో కాల్చినవాడే.

పాత కాపు:
గుర్తుంది. ఆయన దొంగ కోసం ఎదురు చూస్తూ, తోటివారితో, చాటున కూర్చున్నాడు. మన తమ్ముడు లాటరీ టికెట్లు చింపుతూ కూర్చుంటాడు.

నల్లమల:
ఇద్దరూ గురువు బిరుదు చూస్తున్నారు, నడత చూడరా? నేను వెళ్లిన ఒక తరగతిలో శిక్షకుడు "ఖాళీదే" అంటూ పిస్తోలు గొట్టం మా వరుస వైపు తిప్పి చూపించాడు. ఎనిమిది మందిమి. ఒక్కరూ నోరెత్తలేదు, మొదటి అయిదు నిమిషాలు నేను కూడా. తరువాత సంచి సర్దుకుని వచ్చేశాను, డబ్బు తిరిగి ఇవ్వలేదు. అప్పటి నుంచి ఎవరికి ఫోను చేసినా ముందు ఒకటే అడుగుతాను: ఎవరికైనా తూటా తగిలితే రక్తం ఆపే టూర్నికే ఎక్కడ ఉంటుంది, కట్టేది ఎవరు? తడుముకుంటే పెట్టేస్తాను.

రెండో ప్రశ్న 21 అడుగుల గురించి. 1983లో సాల్ట్ లేక్ సిటీ పోలీసు అధికారి డెనిస్ ట్యూలర్, కత్తి పట్టినవాడు ఆ దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకనులో దాటగలడని రాశాడు. ఆపద ఎంత దూరంలో మొదలవుతుందో చెప్పే కొలత అది. దాన్ని "21 అడుగుల లోపలికి వస్తే కాల్చవచ్చు" అనే చట్టంలా చెప్పేవారు చాలామంది ఉన్నారు. అలా చెబితే అక్కడి నుంచి కూడా లేచి రండి.

ఇది చదివే హెచ్-1బీ వారికి ఒక మాట. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీ కలిగి ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్స్ వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. స్నేహితుడి పిస్తోలుతో సరదాగా రేంజ్‌కు బయలుదేరే ముందు లాయరును అడగండి.

మామిడి తాండ్ర:
పందొమ్మిదేళ్లుగా దుకాణం నడుపుతున్నాను. రెండుసార్లు దోచుకున్నారు. మొదటిసారి నా పిస్తోలు కౌంటరు కింద సొరుగులోనే ఉంది. సొరుగు నా మోకాలికి తగులుతోంది, వాడి తుపాకీ నా గడ్డానికి. గల్లాలో ఉన్నది నాలుగు వందల డాలర్లు, ఇచ్చాను, పోయాడు. ఆ వారమే పిస్తోలు అమ్మేసి కెమెరాలు, నేలకు బిగించే ఇనప్పెట్టె కొన్నాను. గాలి గారి హిట్ ఫ్యాక్టర్ నా సొరుగు తెరవలేదు.

గోదారి గాలి:
ఒప్పుకుంటాను. కానీ అతను డబ్బు తీసుకుని పోయాడు కాబట్టి ఇక్కడ రాస్తున్నారు. పోనివాడు వస్తే? ఆ రోజుకు చేతులు ముందే తయారై ఉండాలి, ఆలోచన కోసం బుర్ర ఖాళీగా ఉండాలి. తీయడం, పట్టు, ట్రిగ్గర్ అలవాటైపోతేనే ఎదుటివాడి చేతిలో ఉన్నది ఫోనా, తుపాకీయా అని చూసే తీరిక దొరుకుతుంది. ముందు గ్రాండ్ మాస్టర్ దగ్గర నాలుగు గంటలు, తరువాత కాపు గారి చట్టం.

పాత కాపు:
క్రమం తిరగేయండి, అప్పుడు నేను కూడా ఒప్పుకుంటాను.

డాలస్ దుకాణదారు:
ఈ రోజు ఇద్దరికీ ఫోను చేశాను. గ్రాండ్ మాస్టర్‌ను నల్లమల గారి ప్రశ్న అడిగితే "టూర్నికే నా నడుముకే ఉంటుంది, మొదటి పది నిమిషాలు అదే నేర్పుతాను" అన్నారు. ఇక ఆయన దగ్గరే చేరిపోదామనుకున్నాను.

తరువాత పోలీసాయనను 21 అడుగుల గురించి అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా నన్నే అడిగారు: "మీ కౌంటరు ఎత్తెంత? వెనక తలుపు ఎటు తెరుచుకుంటుంది?" ఏడాదిగా అక్కడే నిలబడుతున్నాను, తెలియదు. సాయంత్రం టేపు పట్టుకుని కొలిచాను. కౌంటరు 42 అంగుళాలు. తలుపు లోపలికి తెరుచుకుంటుంది, దాని వెనక కూల్‌డ్రింకు సీసాల పెట్టెలు నిలువునా పేర్చి ఉన్నాయి, సగం వరకే వస్తోంది.

మామిడి తాండ్ర:
ఎవరి దగ్గర చేరినా సరే బాబూ, ఆ పెట్టెలు ఈ రాత్రే తీయించండి.