చిన్న కాలేజీలో గెలుస్తున్న కోచ్ పెద్ద టీమ్‌కి మారాలా?

ప్రశ్న: అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ చూసేవాళ్లని అడుగుతున్నా. చిన్న కాలేజీని ఫైనల్ ఫోర్ (జాతీయ టోర్నీలో చివరి నాలుగు టీమ్‌ల దశ) దాకా తెచ్చిన కోచ్‌ని పెద్ద యూనివర్సిటీ పిలిస్తే వెళ్లడమే మంచిదంటారా? నమ్మి చేరిన పిల్లల్ని వదిలేసి వెళ్లడం తలుచుకుంటేనే నాకు బాధేస్తుంది.

జవాబు: తొందరపడకూడదండీ. కోచ్ షాకా స్మార్ట్ 2011లో వీసీయూని (వర్జీనియా కామన్‌వెల్త్ యూనివర్సిటీ) ఫైనల్ ఫోర్‌కి తీసుకెళ్లి, 2015లో టెక్సస్‌కి మారాడు, అక్కడున్న ఆరేళ్లలో ఎన్‌సీఏఏ టోర్నీలో (అదే కాలేజీల జాతీయ టోర్నీ) ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. 2021లో అబిలీన్ క్రిస్టియన్ అనే చిన్న యూనివర్సిటీ చేతిలో 53-52తో ఓడారు, ఆఖరి సెకన్లలో పడిన రెండు ఫ్రీ త్రోలతో! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత స్మార్ట్ మార్కెట్ (Marquette) యూనివర్సిటీకి వెళ్లిపోయాడు.

జవాబు: మరి డస్టీ మే సంగతి? 2023లో ఫ్లోరిడా అట్లాంటిక్‌ని ఫైనల్ ఫోర్‌కి చేర్చి, ఇంకో ఏడాది అక్కడే ఉండి, 2024లో మిషిగన్‌కి వెళ్లాడు. అంతకుముందు సీజన్లో 8 గెలిచి 24 ఓడిన టీమ్ అది, ఆయన మొదటి ఏడాదే బిగ్ టెన్ (మిషిగన్ ఆడే లీగ్) టోర్నీ కొట్టింది. ఫ్లోరిడా అట్లాంటిక్‌లో సెంటర్‌గా ఆడిన గోల్డిన్ కూడా ఆయన వెంటే వచ్చాడు, కాబట్టి పిల్లల్ని వదిలేసినట్టే అని అనుకోనక్కర్లేదు.

జవాబు: నాకు మాత్రం మార్క్ ఫ్యూ ఇష్టం. 1999 నుంచి గొంజాగా అనే చిన్న యూనివర్సిటీకే హెడ్ కోచ్‌గా ఉండి, 2017లో, 2021లో ఫైనల్‌కి తెచ్చాడు.