పెళ్లి భోజనం తర్వాత వాంతులు, విరేచనాలు: వైరస్ పరీక్షకు నమూనాలు ఇప్పుడు తీయవచ్చా?

ప్రశ్న: ల్యాబ్ టెక్నీషియన్, కడప జిల్లా

అందరికీ నమస్కారం. జమ్మలమడుగు వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరి ఎనిమిది నెలలయింది. పోయిన ఆదివారం మధ్యాహ్నం మా పరిధిలోని ఒక ఊళ్లో పెళ్లి భోజనాలు జరిగాయి. సోమవారం రాత్రి వాంతులు మొదలయ్యాయి. మంగళవారం సాయంత్రానికి 41 మంది. అందులో 30 మందికి పైగా వాంతులతోనే మొదలైంది, నీళ్ల విరేచనాలు ఆ తర్వాత. రక్తం పడలేదు, జ్వరం కూడా అంతంతమాత్రమే. చాలామందికి రెండో రోజుకే తగ్గింది.

మంగళవారం ఆరుగురికి రెక్టల్ స్వాబులు (మలద్వారం నుంచి దూదిపుల్లతో తీసే నమూనాలు) తీసి బ్యాక్టీరియా చావకుండా ఉంచే క్యారీ బ్లేయర్ మీడియంలో పెట్టి పంపాను. బ్యాక్టీరియా ఏదీ పెరగలేదని నిన్న ఫోను వచ్చింది. వైరస్ పరీక్షకు స్వాబులు చాలవు, మలమే పంపాలన్నారు. ఇవాళ శనివారం. తగ్గిపోయినవాళ్ల దగ్గర ఇప్పుడు తీసుకుంటే ఫలితం ఉంటుందా? ఎంత తీయాలి? ఈ ఎండల్లో తిరుపతి ల్యాబు దాకా ఎలా పంపాలి? ఒక ముసలమ్మకు ఇంకా సెలైన్ ఎక్కుతోంది. ఊరంతా వంటవాళ్లను తిడుతోంది. నేను తీసిన నమూనా వల్ల అసలు కారణం తెలియకుండా పోతుందేమోనని బాధగా ఉంది.

జవాబు: విశ్రాంత సీనియర్ ల్యాబ్ టెక్నీషియన్, అనంతపురం

నాయనా, ఏమీ మించిపోలేదు. జబ్బు మొదలైన 48 నుంచి 72 గంటల లోపు తీస్తే అన్నిటికన్నా మేలు. అయితే నా అనుమానం నోరోవైరస్ మీద, వాంతులు, విరేచనాలు తెచ్చే వైరస్ అది. మనిషి కోలుకున్నాక కూడా రోజుల తరబడి మలంలో వస్తూనే ఉంటుంది, దాన్ని పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష) పట్టుకుంటుంది. ఈ పూటే ఊరికి వెళ్లు. జిల్లాలో జబ్బుల వ్యాప్తిని కనిపెట్టి చూసే సర్వెలెన్స్ యూనిట్‌కు ముందే చెప్పు, నమూనాలు వాళ్ల ద్వారా వెళ్లడమే పద్ధతి.

నువ్వు రాసింది చదవగానే నాకు నోరోవైరస్సే గుర్తుకు వచ్చింది. 1982లో కాప్లాన్ అనే ఆయన, సహచరులు కొన్ని గుర్తులు చెప్పారు: సగం మందికి పైగా వాంతులు, తిన్న 24 నుంచి 48 గంటలకు జబ్బు మొదలవడం, 12 నుంచి 60 గంటల్లో తగ్గిపోవడం, మలంలో బ్యాక్టీరియా దొరకకపోవడం. ఆదివారం మధ్యాహ్నం తిన్నవాళ్లకు సోమవారం రాత్రి వాంతులంటే లెక్క సరిపోతోంది. అంటే బ్యాక్టీరియా లేదని తెలియడం కూడా ఒక జవాబే. నీ స్వాబులు వృథా పోలేదు.

స్వాబు ఎందుకు చాలదంటే, బ్యాక్టీరియాను ప్లేటు మీద పెంచుతాం కాబట్టి దూదికి అంటినంత ఉన్నా సరిపోతుంది. ఈ వైరస్‌ను మామూలు ల్యాబుల్లో అలా పెంచరు. మలంలో ఎంత ఉంటే అంతే, దాన్నే వెతకాలి. అందుకే కనీసం 10 మిల్లీలీటర్లు కావాలి. వెడల్పు మూతి ఉన్న పొడి డబ్బా తీసుకో. క్యారీ బ్లేయర్ లాంటి మీడియం వద్దు, నమూనాలను నిల్వ ఉంచే ఫార్మలిన్ మందు అసలే వద్దు. అంచుదాకా నింపకు, లోపల గ్యాసు పుట్టి మూతను నెట్టేస్తుంది. కనీసం ఐదుగురివి తీయి. కనీసం ఇద్దరి నమూనాల్లో ఒకే వైరస్ కనబడితేనే ఊళ్లో వ్యాపించింది అదేనని చెప్పగలరు.

పేరు, తేదీ, సమయం డబ్బా ఒంటి మీద రాయి, మూత మీద కాదు. ఇది నా అనుభవం. చాలా ఏళ్ల కిందట ఆరు డబ్బాలకు కాగితం అంటించి బాల్‌పెన్నుతో రాసి పంపాను. ఐసు కరిగి, పెట్టె తెరిచేసరికి నాలుగు కాగితాల మీద నీలపు మరక తప్ప అక్షరం మిగల్లేదు. ఎవరిది ఏదో తెలియక ఆ నాలుగూ పారేశారు. అప్పటి నుంచి చెరగని మార్కరు లేనిదే ఊళ్లోకి వెళ్లలేదు.

ఒక్కో డబ్బాను విడిగా జిప్ కవరులో పెట్టు. ఒకవేళ కారినా మొత్తం పీల్చుకునేంత దూది చుట్టి, వాటన్నిటినీ గట్టి మూత ఉన్న రెండో డబ్బాలో పెట్టు. దాని చుట్టూ ఐస్ ప్యాకులు, ఆపైన థర్మాకోల్ పెట్టె. ఫారాలు వేరే కవరులో పెట్టు, తడవకూడదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచితే కొద్ది రోజులు బాగానే ఉంటాయి. గడ్డకట్టించి కరిగించి మళ్లీ గడ్డకట్టించడం మాత్రం చేయకు. టీకాల ఫ్రిజ్‌లో గానీ, టీకాల క్యారియర్‌లో గానీ మలం పెట్టవద్దు, ఎంత తొందర ఉన్నా.

జవాబు: ఏఎన్ఎం, ఆదోని

తమ్ముడూ, పైన పెద్దాయన చెప్పిందంతా సరే, అసలు కష్టం అడగడంలో ఉంది. ‘మలం ఇవ్వండి’ అని వీధిలో అడిగితే ఎవరూ ఇవ్వరు. ఇంట్లో కూర్చుని మంచినీళ్లు తాగి, ఆ ఇంటి ఆడవాళ్లతో మెల్లగా చెప్పాలి. ఆశా కార్యకర్తను వెంట తీసుకుపో. దొడ్డిలో బ్లీచింగో ఫినాయిలో చల్లి ఉంటుంది, అక్కడి నుంచి ఎత్తి తేవద్దని చెప్పు. శుభ్రమైన ప్లాస్టిక్ కవరు పరిచి దాని మీద పోయించి, మూత్రం కలవకుండా చెంచాతో తీయించాలి. పసిపిల్లలకు డయపరు వేస్తే నీళ్ల విరేచనమంతా అదే పీల్చేస్తుంది, లోపల పలుచటి ప్లాస్టిక్ పరచమను.

ఆ పని చేశాక చేతులు సబ్బుతో బాగా రుద్ది కడుక్కో. శానిటైజర్‌ను నమ్ముకోవద్దు, ఈ వైరస్ మీద అది సరిగా పనిచేయదు. ఆ ముసలమ్మకు సేవ చేసే కోడలికి కూడా ఈ మాట చెప్పు.

ప్రశ్న అడిగినవారు, ఆదివారం రాత్రి

సార్‌కు, అక్కకు నమస్కారాలు. ఏడు డబ్బాలు వచ్చాయి. ఐదు జబ్బుపడినవాళ్లవి, రెండు వంటవాళ్లవి. ముసలమ్మ కోడలే ముందు ఇచ్చింది, ఆమెను చూసి పక్కింటివాళ్లు ఇచ్చారు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో వైరస్ పరీక్షలు చేసే వైరాలజీ ల్యాబుకు ముందే చెప్పి ఉంచారు. రేపు తెల్లవారుజామున మా జీపులోనే, రాజంపేట మీదుగా, నేనే చేత్తో పట్టుకెళుతున్నాను. ఒక్క సందేహం: వంటవాళ్లలో ఒకరికి పాజిటివ్ వస్తే ఊళ్లో ఏమని చెప్పాలి?

జవాబు: విశ్రాంత సీనియర్ ల్యాబ్ టెక్నీషియన్, అనంతపురం

ఊళ్లో ఏమీ చెప్పకు, ఫలితాన్ని మీ వైద్యాధికారికి మాత్రమే అప్పగించు. వాళ్లూ ఆ భోజనమే తిన్నారు కదా, వాళ్ల నుంచి అందరికీ వచ్చిందో, అందరితోపాటు వాళ్లకూ వచ్చిందో డబ్బా ఒక్కటే తేల్చదు. వాళ్లకు వాంతులు ఏ రోజు, ఎన్ని గంటలకు మొదలయ్యాయో అడిగి ఫారంలో రాశావా? పెళ్లికి ముందా, తర్వాతా? రాయకపోతే ఇప్పుడే ఫోను చేసి కనుక్కో. జీపు ఎక్కేముందు ఐస్ ప్యాకులు మార్చు.